జంట బీగముల ఆచారము

ఆళ్లగడ్డలోని యొక చిన్న కార్యాలయమున ఇటీవల నేను చూచిన సంగతి యిది. క్రొత్త ప్రింటరును కంప్యూటరునకు అమర్చబోయిన గుమాస్తాను ఆ యంత్రము అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు చెప్పుమని అడ్డగించెను. ఆయన తానెరిగిన పాస్‌వర్డును మూడుమారులు కొట్టెను, మూడుమారులును అది త్రోసిపుచ్చెను. క్యాప్స్‌లాకు దీపము వెలుగుచున్నదేమో యని చూచితిమి, లేదు. అంకెల మీటలును సరిగనే పనిచేయుచున్నవి. తుదకు ఖాతాల పట్టికను తెరచి చూడగా, ఆయనది సామాన్యమైన ఖాతా యనియు, సర్వాధికారములు గల ఖాతా పాస్‌వర్డు బదిలీపై జిల్లాకేంద్రమైన నంద్యాలకు వెళ్లిన పూర్వోద్యోగి యొక్కనికే తెలియుననియు తేలినది. "కుర్చీ నాదే సార్, బీగంచెవి మాత్రం నంద్యాలలో ఉంది" అని గుమాస్తా నవ్వెను.

బీగమొకచోట, చెవి యొకచోట నుండుట మన సీమకు క్రొత్త గాదు. పూర్వము గ్రామమున శిస్తు వసూలు రెడ్డి వంతు, లెక్క వ్రాత కరణము వంతు. రూకలు తాకు చేయియు, కలము పట్టు చేయియు ఒకటి గారాదన్నదే అందలి నీతి. అయితే లెక్క యంతయు తరతరములుగ కరణము ఇంటి పెట్టెలోనే యుండుటచే, తన పొలము ఎవరి పేర నున్నదో తెలిసికొనగోరు రైతునకు ఆ గడప తొక్కక తప్పెడిది కాదు. 1984 జనవరి 6న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా ఈ గ్రామోద్యోగములను రద్దుచేసెను. ఉద్యోగములు ఒక్క కాగితముతో పోయినవి గాని, ఏ సర్వే నంబరు వెనుక ఏ కథ యున్నదో యెరిగిన జ్ఞాపకము దస్తరములతోపాటు అప్పగింతకు వచ్చునది కాదు.

ధనాగారమున ఈ రెండుచేతుల జాగ్రత్త మరింత కఠినము. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానాపై బడిన గాథ ఈ ప్రాంతమున పసివారికిని తెలిసినదే. బలముచే బీగమును పగులగొట్టువారి నాపుటకు కావలివారు కావలెను. లోపలివాడే చెవి త్రిప్పకుండ ఆపుటకు మాత్రము రెండవ బీగము కావలెను. ప్రభుత్వ ఖజానాలలోని డబుల్‌లాకు పద్ధతి యిదియే: ఒకే తలుపునకు రెండు బీగములు, వాని చెవులు ఇద్దరు వేర్వేరు ఉద్యోగుల యొద్ద, ఒకరు లేనిదే రెండవవారు స్టాంపు కాగితము నైనను వెలికి దీయజాలరు.

కంప్యూటరు ఈ పాఠమును దెబ్బలు తిని నేర్చినది. 1960వ దశకపు తొలినాళ్లలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బాటో బృందము, పలువురు ఒకే యంత్రమును పంచుకొనుటకు వీలుగ సీ.టీ.ఎస్.ఎస్. అను వ్యవస్థను నిర్మించి, ఎవరి దస్త్రములు వారికే దక్కుటకై పాస్‌వర్డును ప్రవేశపెట్టెను. 1966లో ఒకనాడు రెండు ఫైళ్లు తారుమారై, లోనికి వచ్చిన వారికెల్ల ఆనాటి ప్రకటనకు మారుగ అందరి పాస్‌వర్డుల జాబితా దర్శనమిచ్చెను. పిదప వచ్చిన యూనిక్సు అను వ్యవస్థ సర్వాధికారములను 'రూట్' అను ఒక్క ఖాతాకు కట్టబెట్టినది. ఆ చెవిని చేతికీయకయే పని నడపుటకై 1980 ప్రాంతమున న్యూయార్కు రాష్ట్ర విశ్వవిద్యాలయపు బఫెలో శాఖలో 'సుడో' అను ఉపాయము పుట్టినది. జాబితాలో పేరున్నవానినే, వాని సొంత పాస్‌వర్డు నడిగి, అది అధికారమును ఎరువిచ్చును. ఇచ్చిన సంగతిని తన చిట్టాలో వ్రాసికొనును. పాస్‌వర్డు కొట్టునపుడు తెరపై ఒక్క అక్షరమైనను కానరాకుండుటచే, క్రొత్తవారు మీటలే చెడినవని భ్రమపడుటయు కలదు. 2007లో విండోస్ విస్టాతో ఇండ్లలోనికి వచ్చిన, తెర మసకబారి అనుమతి నడుగు పెట్టెయు ఈ వంశమునదే.

కరణము పెట్టెలోని లెక్కయు నేడు ఈ త్రోవనే పట్టినది. 2015లో వచ్చిన మీభూమి అను ప్రభుత్వ వెబ్‌సైటులో నంద్యాల రైతు తన పొలపు దస్త్రములైన అడంగలును, 1-బిని ఇంటినుండియే చూడవచ్చును; దిద్దవలెనన్న మాత్రము తహసీల్దారు అనుమతి కావలెను. చూచు హక్కు ఊరందరిది, దిద్దు హక్కు బాధ్యత వహించువానిది.

కనుక పాస్‌వర్డు నడిగిన యంత్రముపై కినుక పనిలేదు. అప్పగింత మరచిన మనదే లోపము. బదిలీనాడు చార్జిలిస్టులో కుర్చీలను, బీరువాలను లెక్కించువారు, అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డును కవరులో నుంచి సీలువేసి, ఆ కవరును కూడ లెక్కలో చేర్చుకొనవలెను. ఆళ్లగడ్డ ప్రింటరు నంద్యాలనుండి ఫోను వచ్చువరకు, సాయంత్రము నాలుగింటిదాక, ఊరకే కూర్చుండెను.