దొరగారి గోడ మీద థాంగ్కా

హైదరాబాదు కోఠీలో రెసిడెన్సీని చూసినవాళ్ళకి తెల్లదొర బంగళా అంటే ఒక లెక్క ఉంటుంది. ఆకాశాన్నంటే స్తంభాలు, మెట్లకి అటూ ఇటూ సింహాలు. లాసాలో ఆ లెక్క తప్పింది. అక్కడ బ్రిటిష్ ప్రతినిధి కాపురమున్నది కుందేలింగ్ మఠం వారి తోటలో, ఓ టిబెటన్ ఇంట్లో. దాని పేరు దేక్యీ లింగ్కా. దేక్యీ అంటే సుఖసంతోషాలు, లింగ్కా అంటే తోట.

1936 ఆగస్టులో బ్రిటిష్ అధికారి బాసిల్ గౌల్డ్ బృందం అక్కడ దిగింది. వచ్చింది కొన్ని నెలల పనికే. కానీ 1934లో వచ్చిన చైనా బృందం లాసాలో మనుషుల్నీ, వైర్‌లెస్‌నీ వదిలి వెళ్ళింది. మనమెందుకు ఖాళీ చేయాలనుకున్నారు దొరలు. గౌల్డ్ వెళ్ళిపోయాడు, బృందంలోని హ్యూ రిచర్డ్‌సన్ ఉండిపోయాడు. శాశ్వతమని ఎవరూ పైకి అనని మకాం అది. అలాంటి చోట కోఠీలాంటి సౌధం ఎవరు కడతారు?

కట్టాలన్నా దారేది? బండ్లు నడిచే బాటే లేదు. సోఫా కావాలన్నా హిమాలయ కనుమలు దాటి కంచరగాడిద వీపు మీద రావాల్సిందే. కాబట్టి ఊళ్ళో దొరికిందే సామాను: పరుపులు పేర్చి పైన ఉన్ని తివాచీ పరిస్తే అదే ఆసనం, ముందు మడతపెట్టే పొట్టి బల్ల చోక్త్సే, గోడకి థాంగ్కా.

థాంగ్కా అంటే నూలుగుడ్డకి సుద్ద, జిగురు పట్టించి, రాతిరంగులతో వేసిన దేవతాచిత్రం. చుట్టూ పట్టు అంచు, కింద కర్ర. చుట్టేస్తే చంకలో ఇముడుతుంది. గుడారాల్లో తిరిగే జనానికి అంతకంటే వీలైన గుడి ఏముంది? తమాషా ఏమిటంటే, ఇలాంటి అంచులకి టిబెటన్లు ఇష్టపడే గ్యాసర్ అనే జరీపట్టు మన కాశీ మగ్గాల మీదే నేస్తారు.

ఇలాంటి వస్తువుల్లో కొన్ని కానుకలుగా వచ్చినవి. ఆ ఇచ్చిపుచ్చుకోవడం దేక్యీ లింగ్కాకి ముందునుంచీ ఉన్నదే. 1910లో పదమూడవ దలైలామా డార్జిలింగ్‌కి తరలివచ్చినప్పుడు బ్రిటిష్ అధికారి చార్లెస్ బెల్ ఆయనకి స్నేహితుడయ్యాడు. 1920లో లాసాకి వెళ్ళి దాదాపు ఏడాది ఉన్నాడు. తెల్లటి ఖతా కండువా లేకుండా అక్కడ మర్యాద పలకరింపు సాగేది కాదు. కానుక కాదంటే అవమానం. తీసుకుంటే కొలువు నిబంధన ప్రకారం తోషాఖానాకి, అంటే సర్కారు కానుకల ఖజానాకి, అప్పగించాల్సి వచ్చేది. దొరగారి గోడ మీది బొమ్మని అభిరుచి అనాలా, రాజకీయం అనాలా? నాకైతే రెంటికీ మధ్య గీత గీయడం కుదరదనిపిస్తుంది. వినోదమూ అలాంటిదే: దేక్యీ లింగ్కాలోనే లాసా పెద్దలకి చాప్లిన్ సినిమాలు వేసి చూపించేవారు. నవ్వులకి కొదవుండేది కాదట.

1947 ఆగస్టు 15న జెండా మారింది, దొర మారలేదు. రిచర్డ్‌సన్ భారత ప్రతినిధిగా 1950 దాకా కొనసాగాడు. తర్వాత అది మన కాన్సులేట్ అయింది, 1962లో మూతపడింది. బెల్ పోగుచేసిన టిబెటన్ వస్తువుల్లో పెద్ద భాగం ఇప్పుడు లివర్‌పూల్ మ్యూజియంలో ఉంది.