ఇంటికి వచ్చిన యంత్రము

డయాలిసిస్ అను మాట నేడు మనకు కొత్త కాదు. మూత్రపిండములు చెడిన పసిబిడ్డకు సైతము ఆ చికిత్స చేయవచ్చునని మనమెరుగుదుము. కాని ఒకప్పుడు ఆ తలుపు పిల్లలకు మూసియుండెడిది. అది తెరచుకొన్న వృత్తాంతమును ఇచట మనవి చేయుచున్నాము.

1943లో, జర్మను సేనల ఆక్రమణలో నున్న నెదర్లాండ్స్‌లోని కాంపెన్ పట్టణమున, విలెం కాల్ఫ్ అను వైద్యుడు సెల్లోఫేన్ గొట్టమును కొయ్యపీపాకు చుట్టి ఉప్పునీటి తొట్టిలో త్రిప్పినాడు. గొట్టములోని రక్తము నుండి మలినములు పలుచని పొర గుండా నీటిలోనికి దిగినవి. 1945లో ఈ యంత్రము వలన తొలిసారిగా ఒక రోగి ప్రాణము దక్కినది. అయితే ప్రతిసారియు కొత్తగా రక్తనాళమును కోయవలసి వచ్చుటచే దీర్ఘరోగులకు ఇది ఉపకరింపలేదు. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టమును చేతి ధమనికి, సిరకు నడుమ నిలుకడగా అమర్చి ఆ చిక్కు తీర్చినాడు. ఆయన తొలి రోగి మఱి పదకొండేండ్లు జీవించినాడు.

1962లో అచ్చట చికిత్సాకేంద్రము వెలసినది. యంత్రములు కొన్ని, రోగులు పెక్కుమంది. ఎవరికి చికిత్స ఈయవలెనో నిర్ణయించుటకు పేర్లు వెల్లడికాని ఏడుగురు పౌరుల సంఘమొకటి ఏర్పడినది. పిల్లల పేర్లు మాత్రము ఆ పరిశీలనకే నోచుకొనలేదు. వారి పెరుగుదల ఆగిపోవునని, ఆ బాధ వారు ఓర్వలేరని వైద్యులు శంకించినారు.

1964లో పదునారేండ్లైనను నిండని ఒక బాలికకు చోటు దొరకలేదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున అణుయంత్రశాస్త్రము బోధించు ఆల్బర్ట్ బాబ్ ఆమె తండ్రికి మిత్రుడు. ఆయన బృందము కొలది మాసములలోనే ఇంటిలో ఉంచదగిన యంత్రమును నిర్మించినది. శుద్ధిద్రవమును అదియే కలుపుకొనును. పొరపాటు జరిగినచో హెచ్చరించును. రాత్రులు కూతురు నిద్రించుచుండగా తల్లి ఆ యంత్రమును కనిపెట్టుకొని యుండెడిది. ఆ బిడ్డ మఱి నాలుగేండ్లు బ్రదికినది.

నాలుగేండ్లు స్వల్పమనిపించవచ్చును. కాని ఇంటిలోనే చికిత్స సాధ్యమని ఆ రాత్రులు రుజువు చేసినవి. 1972లో అమెరికా ప్రభుత్వము చట్టము చేసి ఈ చికిత్సా వ్యయమును చాలవరకు భరించుటకు పూనుకొన్నది. ఏడుగురి ఎంపికతో పనిలేకపోయినది. 1976లో పొపోవిచ్, మాంక్రీఫ్ అనువారు ఉదరములోని పొరనే జల్లెడగా నిరంతరము వాడు విధానమును ప్రకటించినారు. రక్తనాళములు సన్నగా నుండు పసివారికి అది మిక్కిలి అనుకూలించినది.

డయాలిసిస్ మూత్రపిండ మార్పిడి వరకు బిడ్డను నిలుపు వంతెన. పిల్లలకు తగదని వ్రాసిన నిబంధన ప్రకృతి విధించినది కాదు. యంత్రముల కొరతయు, మన భయమును కలిసి వ్రాసినది. ఏ చికిత్స విషయమునను బిడ్డలకు కాదని చెప్పుటకు ముందు, ఈ కథను మనము తలచుకొనుట మంచిది.