లిబరేటర్ విమానాల జాడ: నంబరు పట్టుకుని వెతకడం ఎలా?

బెంగళూరు, కోలార్, మద్రాసు, కటక్, పుణె. తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న ఈ ఊళ్లన్నింటికీ బి-24 లిబరేటర్ విమానంతో సంబంధం ఉంది. నాలుగు ఇంజన్లతో, 110 అడుగుల రెక్కలతో ఉండే ఈ బాంబర్లను రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా 18 వేలకు పైగా తయారు చేసింది. వాటిలో మిగిలినవి చాలా తక్కువ. అలా మిగిలినవాటిలో కొన్ని బెంగళూరులో బాగుపడినవే.

ఏ ఊళ్లో ఏం జరిగింది?

కోలార్ విమానాశ్రయంలో బ్రిటిష్ వైమానిక దళం (ఆర్ఏఎఫ్) తన సిబ్బందికి లిబరేటర్లపై శిక్షణ ఇచ్చింది. 1944 నవంబరులో 358 స్క్వాడ్రన్ అక్కడే ఏర్పడింది. మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ నుంచి 200 స్క్వాడ్రన్, కటక్ నుంచి 354 స్క్వాడ్రన్ సముద్రంపై గస్తీ తిరిగాయి.

ఈ విమానాలు అమెరికా లెండ్-లీజ్ ఒప్పందం కింద వచ్చాయి. యుద్ధం ముగిశాక వాటిని తిరిగి ఇవ్వాలి, లేదా పనికిరాకుండా చేయాలి. అందుకే ఆర్ఏఎఫ్ వాటిని కాన్పూరులో పాడుచేసి వదిలి వెళ్లింది. 1948లో బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాటిని ఎగరగలిగే స్థితికి తెచ్చే పని చేపట్టింది. కాన్పూరులో తాత్కాలికంగా సరిచేసిన విమానాలను ఆ సంస్థ పైలట్ జంషెడ్ మున్షీ బెంగళూరుకు నడిపి తెచ్చారు. ఆ ఏడాది నవంబరులో ఏర్పడిన భారత వైమానిక దళ 5వ స్క్వాడ్రన్‌కు ఇవే బాంబర్లు. తర్వాత 6వ స్క్వాడ్రన్ పుణె నుంచి వీటితో సముద్ర గస్తీ చేసింది. 1968 చివర్లో ఇవి సేవ నుంచి తప్పుకున్నాయి.

ఒకే విమానం, మూడు నంబర్లు

లిబరేటర్ చరిత్ర వెతికేవారు ముందుగా నంబరు చూడాలి. భారత్‌లో ఎగిరిన లిబరేటర్‌కు మామూలుగా మూడు ఉంటాయి.

అమెరికా నంబరు: ఉదాహరణకు 44-50206. మొదటి రెండు అంకెలు ఆర్డరుకు నిధులు కేటాయించిన ఆర్థిక సంవత్సరాన్ని చెబుతాయి.

ఆర్ఏఎఫ్ నంబరు: రెండు అక్షరాలు, మూడు అంకెలు. ఉదాహరణకు కెఎన్ 751.

భారత వైమానిక దళం నంబరు: హెచ్ఈ అక్షరాలతో మొదలవుతుంది. ఉదాహరణకు హెచ్ఈ 807.

ఇక్కడ చెప్పిన మూడు నంబర్లూ ఒకే విమానానివి. అది అమెరికాలోని ఫోర్డ్ కర్మాగారంలో తయారైంది, యుద్ధం చివర్లో ఆర్ఏఎఫ్ 99 స్క్వాడ్రన్‌లో పనిచేసింది, తర్వాత మన వైమానిక దళంలో చేరింది. 1974లో బ్రిటన్‌కు చేరి ఇప్పుడు ఆర్ఏఎఫ్ మ్యూజియంలో ఉంది. మూడు నంబర్లను కలపగలిగితేనే ఈ కథ మొత్తం తెలుస్తుంది.

ఆర్ఏఎఫ్ కాలానికి మంచి ఆధారం స్క్వాడ్రన్ల ఆపరేషన్స్ రికార్డ్ బుక్కులు. ఏ రోజు ఏ విమానం ఎగిరింది, ఎవరు వెళ్లారు, ఎన్నింటికి బయలుదేరింది అన్న వివరాలు వాటిలో ఉంటాయి. ఇవి లండన్‌లో క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఎక్కడ పొరబడతాం?

రంగును నమ్మకూడదు. అమెరికా అరిజోనాలోని పిమా మ్యూజియంలో ఉన్న లిబరేటర్ ఒకప్పటి మన హెచ్ఈ 877. దానిపై ఇంగ్లండ్ నుంచి పోరాడిన వేరొక అమెరికన్ విమానం పేరు, బొమ్మ వేశారు.

ఒక్క రేకును నమ్మకూడదు. బాగుచేసేటప్పుడు ఒకదాని భాగాలు విప్పి మరొకదానికి బిగించారు. కాబట్టి రెక్క మీద దొరికిన నంబరు రేకు ఆ విమానం మొత్తానిది కాకపోవచ్చు. కనీసం రెండు ఆధారాలు కలవాలి.

సంస్థ పేరు చూసుకోవాలి. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ అన్న పేరు 1964లో వచ్చింది. అంతకుముందు కాగితాలపై హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే ఉంటుంది.

మన ఇళ్లలో వెతకాల్సినవి

తాతగారో నాన్నగారో ఆ కర్మాగారంలో గానీ వైమానిక దళంలో గానీ పనిచేసి ఉంటే పాత ట్రంకు పెట్టె ఒకసారి తెరిచి చూడండి. లాగ్‌బుక్కు, సర్వీసు పుస్తకం, గేటు పాసు, విమానం పక్కన దిగిన గ్రూప్ ఫోటో, ఏదైనా పనికొస్తుంది. ఫోటోలో విమానం తోక దగ్గరి నంబరు కనిపిస్తోందేమో భూతద్దంతో చూడండి. మనుషుల పేర్లు గుర్తుంటే ఫోటో వెనక పెన్సిలుతో రాయండి, పెన్నుతో వద్దు. ఎవరైనా పరిశోధకులు అడిగితే నకలు ఇవ్వండి, అసలు మీ దగ్గరే ఉంచుకోండి.

ఇది ఇప్పుడే చేయాల్సిన పని. బ్రిటిష్ రికార్డుల్లో ఈ విమానాల కథ కాన్పూరుతో ముగుస్తుంది. పాడుచేసిన ఇంజన్‌ను మళ్లీ తిరిగేలా ఎవరు చేశారు, విరిగిన భాగానికి బదులు ఏం బిగించారు అన్నది బెంగళూరు షాపు ఫ్లోరులో పనిచేసినవాళ్లకే తెలుసు. 1948లో ఇరవై ఏళ్లున్న కార్మికుడికి ఇప్పుడు నూరేళ్లు దగ్గర పడుతున్నాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ కాగితాలను తూకానికి వేసేస్తే విమానం మ్యూజియంలోనే ఉంటుంది, దాన్ని బతికించిన మనిషి పేరు మాత్రం పోతుంది.