నాగపూర్ పోయిన హాస్టల్ బ్యాచ్

చందూర్ నుంచి ఇవాళ ఒక హాస్టల్ కథ చెప్తా.

అమెరికాకు ఎమ్మెస్ చేయడానికి పోయిన మన పోరగాళ్ళను అడగండి. అక్కడ క్యాంపస్ పక్కన గ్రీకు అక్షరాల బోర్డులు పెట్టుకున్న ఇండ్లు ఉంటాయని చెప్తారు. ఫ్రాటర్నిటీలు, అంటే అన్నదమ్ముల సంఘాలు. 1776లో ఫై బీటా కప్పా అనే సంఘంతో మొదలైన పద్ధతి అది. చేరితే జీవితాంతం మెంబరే. మన దగ్గర ఆ బోర్డులు లేవు. మనకు హాస్టల్ ఉంది. ఒకే మెస్సు, ఒకే నీళ్ళ చారు, పరీక్ష ముందు రాత్రి ఒక్క జిరాక్స్ కాపీ నలుగురికి.

1938కి పోదాం. మన బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టి అప్పటికి ఒక్క సంవత్సరం. హైదరాబాద్ సంస్థానం ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతిలో ఉంది. స్టేట్ కాంగ్రెస్ అనే పార్టీ ఇంకా సరిగ్గా పుట్టకముందే, ఆ సెప్టెంబరులో దాన్ని నిషేధించారు. అక్టోబరు 24 నుంచి సత్యాగ్రహం మొదలైంది. ఆర్యసమాజం వాళ్ళది ఇంకో సత్యాగ్రహం. ఊరంతా వేడిగా ఉంది. హాస్టల్ పిల్లలు మాత్రం చల్లగా ఎట్లుంటారు?

ఉస్మానియా హాస్టల్‌లో హిందూ విద్యార్థులు ప్రార్థన గదిలో వందేమాతరం పాడడం మొదలుపెట్టారు. పాడొద్దని అధికారులు ఆర్డర్ వేశారు. నవంబరు చివర్లో స్ట్రైక్ మొదలైంది. యూనివర్సిటీ వాళ్ళను బయటికి పంపింది, హాస్టల్ నుంచీ కాలేజీ నుంచీ. ఆ నిప్పు వరంగల్, గుల్బర్గా, ఔరంగాబాద్ కాలేజీలకు కూడా అంటుకుంది. చదువు పోయినవాళ్ళు వందల్లో ఉన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే కథ సగమే చెప్పినట్టు. ఆ పాట మీద అభ్యంతరం నిజాం ప్రభుత్వానికి మాత్రమే లేదు. ముస్లింల అభ్యంతరాల వల్ల 1937లోనే కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ, సభల్లో మొదటి రెండు చరణాలే పాడాలని తీర్మానించింది. అదే క్యాంపస్‌లో చదివే ముస్లిం విద్యార్థులకు ఆ పాట వేరేగా వినపడి ఉండొచ్చు. ఇంకోటి, అప్పటి హాస్టల్ దోస్తీకి గేటు కూడా ఉండేది. హైదరాబాద్‌లో 1918లో మొదలైన రెడ్డి హాస్టల్ లాంటివి కులం పేరు మీద పుట్టినవే. వాటి నుంచి గొప్పవాళ్ళు వచ్చారు. రావి నారాయణరెడ్డి ఆ హాస్టల్‌లో ఉన్నవారే. కానీ అందరికీ ఆ గేటు తెరుచుకోలేదు.

సరే, బయటికి పంపారు. ఇప్పుడు ఏం చేయాలి? మనకు ఒక్క బ్యాక్‌లాగ్ వస్తేనే ఇంట్లో చెప్పడానికి వారం ఆగుతాం. వాళ్ళది డిగ్రీయే పోయింది. ఆ రోజుల్లో ఊర్లో డిగ్రీ దాకా చదివేవాడు ఒకడుంటే గొప్ప. క్షమాపణ రాసిచ్చి లోపలికి పోదామని ఎంతమందికి అనిపించి ఉంటుందో. నాకైతే అనిపించేది.

ఒక యూనివర్సిటీ తరిమిన స్టూడెంట్‌ని ఇంకో యూనివర్సిటీ తీసుకోవడం చిన్న విషయం కాదు. నాగపూర్ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ టి.జె. కేదార్ తీసుకున్నారు. నాగపూర్ అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఉంది, నిజాం మాట అక్కడ చెల్లదు. కాజీపేట నుంచి బల్లార్షాకు రైల్వే లైన్ 1929లోనే వచ్చింది, అటునుంచి నాగపూర్. అసలు కష్టం దిగినాక ఉంది. ఉస్మానియాలో చదువు ఉర్దూలో, నాగపూర్‌లో ఇంగ్లీషులో. తెలుగు మీడియం నుంచి బీటెక్‌కు పోయి, మొదటి సెమిస్టర్ మొత్తం లెక్చరర్ నోటివైపు చూస్తూ కూర్చున్నోళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి. ఇప్పుడు మనం సెల్ఫీ దిగే ఆర్ట్స్ కాలేజీ బిల్డింగ్ 1939లో ప్రారంభమైంది. వెళ్ళిపోయినవాళ్ళకు అందులో కూర్చునే రాత లేదు.

తర్వాత వాళ్ళు ఏమయ్యారన్నదే నన్ను పట్టుకున్న విషయం. ఇద్దరి గురించి చెప్తా. వీళ్ళు ఒకే రూమ్ కాదు, ఒకే కాలేజీ కూడా కాదు. ఒకే దెబ్బ తిన్నవాళ్ళు.

ఒకరు వరంగల్‌లో ఇంటర్ చదువుతున్న పదిహేడేళ్ళ పి.వి. నరసింహారావు. కాలేజీ నుంచి తీసేశారు. చివరికి లా పట్టా నాగపూర్ యూనివర్సిటీ నుంచే తీసుకున్నారు. 1947లో నిజాం మీద పోరాటానికి చాందా శిబిరంలో పనిచేశారు. చాందా అంటే బల్లార్షా పక్కనే, పాత లైన్ మీదే. ఇంకొకరు ఉస్మానియాలో చదివిన దేవులపల్లి వెంకటేశ్వరరావు, పి.వి. కంటే నాలుగేళ్ళు పెద్ద. ఆయన జబల్‌పూర్ పోయి డిగ్రీ పూర్తి చేసి, కమ్యూనిస్టు పార్టీలో చేరి, తెలంగాణ సాయుధ పోరాటంలో ముఖ్య నాయకుడయ్యారు. 1957లో నల్లగొండ ఎంపీ. తర్వాత తరిమెల నాగిరెడ్డితో కలిసి విప్లవ రాజకీయాల్లోకి వెళ్ళి, 1969 డిసెంబరులో మద్రాసులో అరెస్టయ్యారు.

ఇప్పుడు 1971 సెప్టెంబరు చూడండి. పి.వి. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. అదే ప్రభుత్వం నడుపుతున్న హైదరాబాద్ కుట్ర కేసులో దేవులపల్లి నిందితుడు. ఒకే స్ట్రైక్‌లో చదువు పోగొట్టుకున్న ఇద్దరిలో ఒకరు కుర్చీలో, ఒకరు బోనులో. గమ్మత్తు ఏంటంటే ఇద్దరినీ నడిపిన ప్రశ్న ఒక్కటే, భూమి ఎవరిది? ఒకరు దాన్ని తుపాకీతో అడిగారు. ఇంకొకరు సీలింగ్ చట్టంతో అడిగి, 1973 జనవరిలో కుర్చీ దిగారు.

నా బీటెక్ గ్రూప్‌లో 2023 ఎలక్షన్ల టైంలో ముగ్గురు లెఫ్ట్ అయిపోయారు. నాలుగేళ్ళు ఒకే గదిలో పండుకున్నోళ్ళు. ఒకడికి పాప పుట్టిన సంగతి మాకు ఇన్‌స్టాలో తెలిసింది. దేవులపల్లి, పి.వి. ఎప్పుడైనా ఎదురుపడి ఆ స్ట్రైక్ రోజులు మాట్లాడుకున్నారా అని నాకు ఆశగా ఉంటుంది.

విడిపోని జంట కూడా ఉంది లెండి. పి.వి., ఆయన దూరపు చుట్టం పాములపర్తి సదాశివరావు వరంగల్ నుంచి కాకతీయ పత్రిక నడిపారు. ఇద్దరూ కలిసి పెట్టుకున్న కలం పేరు జయ-విజయ. ఒకరు రాయబోతే ఇంకొకరు లాగేసుకునేవారేమో అనుకుంటా, మనం ప్రాజెక్ట్ రిపోర్ట్ రాసినట్టు. ఒకరు ఢిల్లీ దాకా పోయారు. ఇంకొకరు వరంగల్‌లోనే ఉండిపోయారు.

మన బోధన్, వర్ని, చందూర్ దిక్కు ఇండ్లలో పాత ట్రంకు పెట్టెలు ఉంటాయి. ముత్తాతలవి, తాతలవి సర్టిఫికెట్లు దొరికితే, వాటి మీద నాగపూర్ యూనివర్సిటీ ముద్ర ఉంటే, ముందు సంవత్సరం చూడండి. 1939, 40, 41 అయితే నాకు ఫోటో పంపండి.