వివాహాలలో హార్ప్ వాదనం

పాశ్చాత్య వివాహాలలో వధువు ప్రవేశించేటప్పుడు, రిజిస్టరులో సంతకాలు జరిగేటప్పుడు, దంపతులు వెలుపలికి నడిచేటప్పుడు హార్ప్‌ను ప్రత్యక్షంగా వాయించే ఆచారం. ఐర్లండ్, వేల్స్‌లలో సంపన్న కుటుంబాలు హార్ప్ విద్వాంసులను పోషించేవి. అంధ వాద్యకారుడు టర్లో ఓకారొలన్ (1670–1738) పోషకుల పేరిట కూర్చిన స్వరరచనలు నేటికీ పెళ్లిళ్లలో వినిపిస్తాయి. 1810లో సెబాస్టియన్ ఎరార్ పేటెంటు పొందిన పెడల్ విధానంతో ఈ వాద్యంపై అన్ని శ్రుతులూ సాధ్యమయ్యాయి.

కచేరీ హార్ప్‌కు 47 తీగలు, 7 పెడళ్లు ఉంటాయి. ఎత్తు సుమారు 1.8 మీటర్లు, బరువు 36 కిలోలకు అటూఇటూ. ఆరుబయట వేడుకలకు తేలికైన లీవర్ హార్ప్ అనువైనది. ఎండకూ తేమకూ తీగల శ్రుతి మారుతుంది. అందుకే వాద్యకారులు ముందుగా చేరి శ్రుతి చేస్తారు. వధువు నడకకు ఎంతసేపు పడుతుందో ముందు తెలియదు కనుక, ఎక్కడైనా ముగించగల ఆవృత్తులున్న రచనలకే ప్రాధాన్యం. పాకెల్‌బెల్ ‘కానన్’ వాటిలో ముఖ్యమైనది. వాగ్నర్ ‘లోహెన్‌గ్రిన్’ (1850)లోని పెళ్లి బృందగానం, మెండెల్సన్ ‘వెడ్డింగ్ మార్చ్’ (1842) హార్ప్‌కు అనువుగా మార్చి వాయిస్తారు. ఈ రెండూ 1858 జనవరి 25న విక్టోరియా రాణి పెద్ద కుమార్తె వివాహంతో ప్రాచుర్యం పొందాయి.