సబ్‌ఏజెంట్లకు పని అప్పగించే ముందు: రాజ్ రెడ్డి గారి ల్యాబ్ నేర్పిన 50 ఏళ్ల నాటి పాఠం

బెజవాడ నుంచి మాట్లాడుతున్నా. గత వారం ఎపిసోడ్ ఏది అన్నా అని చాలామంది అడిగారు. రాలేదు. ఎందుకు రాలేదో చెప్తాను. నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెట్టి, అక్కడి నుంచి ఒక మంచి చరిత్రలోకి వెళ్దాం.

మన ఎపిసోడ్ల ట్రాన్‌స్క్రిప్టులన్నీ ఈ సైట్‌లో ఉంటాయి కదా. వాటిలో వెతుక్కోవడానికి ఒక సెర్చ్ బాక్స్ పెడదామనుకున్నా. ఒక్కడినే కోడ్ రాస్తే నెల పడుతుంది. అందుకని ఏఐ కోడింగ్ టూల్‌లో ఒక మెయిన్ ఏజెంట్‌ని పెట్టి, దాని కింద నాలుగు సబ్‌ఏజెంట్లను తయారుచేశా. ఒకటి టెక్స్ట్ శుభ్రం చేసేది, ఒకటి సెర్చ్ రాసేది, ఒకటి పేజీ డిజైన్ చేసేది, ఇంకొకటి టెస్టులు రాసేది. సబ్‌ఏజెంట్ అంటే మరేం లేదు. దానికో పేరు, ఎప్పుడు పిలవాలో ఒక వివరణ, ఏం చెయ్యాలో సూచనలు, ఏ టూల్స్ వాడొచ్చో ఒక లిస్టు. మెయిన్ ఏజెంట్ పని అప్పగిస్తుంది, ఇది విడిగా కూర్చుని చేసి, చివర్లో నాలుగు లైన్ల రిపోర్టు ఇస్తుంది.

రాత్రి పని అప్పగించి పడుకున్నా. పొద్దున లేచి చూస్తే రిపోర్టు: పని పూర్తయింది, టెస్టులన్నీ పాస్. సంబరంగా సైట్‌లో పెట్టేశా.

రెండో రోజు ఒక తమ్ముడి దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. అతనికి వినపడదు. మన వీడియోలు చూడడు, ట్రాన్‌స్క్రిప్టులే చదువుతాడు. "అన్నా, నిన్నటి నుంచి ఒత్తులన్నీ కలిసిపోతున్నాయి, చదవడం కష్టంగా ఉంది. సెర్చ్‌లో కూడా సగం మాటలు దొరకట్లేదు" అని. తెరిచి చూశా. "సాఫ్ట్‌వేర్" అని ఉండాల్సిన చోట "సాఫ్ట్వేర్" అని ఉంది. "ఫేస్‌బుక్" కాస్తా "ఫేస్బుక్" అయింది. 140 ఎపిసోడ్లూ అంతే.

ఏం జరిగిందంటే, తెలుగులో పొల్లు హల్లు తర్వాత వచ్చే అక్షరం దానికి ఒత్తుగా అతుక్కోకుండా ఆపడానికి యూనికోడ్‌లో ఒక కనిపించని గుర్తు ఉంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. శుభ్రం చేసే సబ్‌ఏజెంట్‌కి నేనిచ్చిన సూచన ఒకే ఒక్క లైను: "అనవసరమైన కనిపించని గుర్తులు తీసెయ్". అది తీసేసింది. చెప్పిన పనే చేసింది. మరి టెస్టులెలా పాసయ్యాయి? టెస్టులు రాసిన సబ్‌ఏజెంట్‌కి కనిపించింది శుభ్రం చేసిన ఫైళ్లే. వాటిలోంచే మాటలు తీసుకుని వాటిలోనే వెతికింది. దొరక్కేం చేస్తుంది? ఫోన్‌లో మనం టైప్ చేసినట్టు ఒక్క మాట కూడా టైప్ చేసి చూడలేదు. నా దగ్గర పాత కాపీ మొదటి 90 ఎపిసోడ్లకే ఉంది. మిగతా 50 చేత్తో సరిచేశా. గత వారమంతా దానికే పోయింది.

ఆ పని చేస్తున్నప్పుడు మా తాతయ్య పదే పదే గుర్తొచ్చాడు. మాది దివిసీమ. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన కృష్ణ నీళ్లు పులిగడ్డ అక్విడక్ట్ దాటి అక్కడికి రావాలి. డెల్టాలో మాది శివారు. పెద్ద కాలువ, పిల్ల కాలువ, బోదె, చివరకు మడి. ఒక్కో చోట ఒక్కో తలుపు, దాన్ని చూసుకోవడానికి లస్కర్లు. బ్యారేజీకి 70 గేట్లున్నాయి, దాని కింద 12 లక్షల ఎకరాలకు పైగా సాగవుతుంది. ఒక్క మనిషి చూడగలిగే పని కాదు, అప్పగించాల్సిందే. అయితే తాతయ్య మాత్రం కాలువకి నీళ్లొదిలారని ఎవరైనా చెప్తే నారు మడి వైపు కదిలేవాడు కాదు. "వదిలారన్నది కబురు రా, మడిలో నిలిస్తేనే నీళ్లు" అనేవాడు. నా మెయిన్ ఏజెంట్‌కి అందింది కబురు. మడి చూసింది ఆ తమ్ముడు.

సరే, ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం. పనిని ముక్కలు చేసి స్పెషలిస్ట్ ప్రోగ్రాములకి అప్పగించడం మొన్న మొన్న పుట్టిన ఐడియా అనుకుంటున్నారా? కాదు. 50 ఏళ్ల కిందటే, ఒక తెలుగాయన నడిపిన ల్యాబ్‌లో, చాలా పెద్ద ఎత్తున చేసి చూశారు. పైగా ఆ ల్యాబ్ పని చేసింది మాటని టెక్స్ట్‌గా మార్చడం మీదే. మీరిప్పుడు చదువుతున్న ట్రాన్‌స్క్రిప్ట్ కూడా మొదట మెషీన్ విని రాసిందే, తర్వాత నేను దిద్దా. అంటే ఆ పరిశోధనకి ఇది కూడా ఒక మునిమనవడే అన్నమాట.

ఆయన రాజ్ రెడ్డి. పూర్తి పేరు దబ్బాల రాజగోపాల రెడ్డి. 1937లో కాటూరులో పుట్టారు. మన ఉయ్యూరు పక్క కాటూరు కాదండోయ్, చిత్తూరు జిల్లా కాటూరు. వాళ్లింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో 1958లో పట్టా తీసుకున్నారు, అదీ సివిల్ ఇంజనీరింగ్‌లో. తర్వాత ఆస్ట్రేలియా వెళ్లారు, అక్కడ ఐబీఎంలో పనిచేశారు. ఆపైన అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర 1966లో పీహెచ్‌డీ. 1969లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి మారారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. కంప్యూటర్ రంగంలో అంతకన్నా పెద్ద అవార్డు లేదు.

1971లో అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ ఆర్పా ఒక ఐదేళ్ల సవాల్ పెట్టింది. సుమారు 1000 మాటలు వాడి మనిషి మామూలుగా వాక్యాలు మాట్లాడితే, కంప్యూటర్ వాటిని అర్థం చేసుకోవాలి, తప్పులు 10 శాతం దాటకూడదు. ఈ రోజు ఫోన్ పట్టుకుని మాట్లాడేస్తున్నాం కాబట్టి తేలిగ్గా అనిపిస్తుంది. ఒక్కసారి ఆలోచించండి. "ఏం చేస్తున్నావు" అని మనం ఎప్పుడైనా పలుకుతామా? "ఏంజేస్తన్నావ్" అంటాం. ఏ మాట ఎక్కడ ముగిసింది, ఏది ఎక్కడ మొదలైంది, చెవికి గీత కనపడదు. శబ్దం తెలిసినవాడికి వ్యాకరణం తెలియదు, వ్యాకరణం తెలిసినవాడికి శబ్దం తెలియదు. అందరికీ తలా కొంచెం తెలుసు, ఎవరికీ మొత్తం తెలియదు.

దానికి రాజ్ రెడ్డి, లీ ఎర్మన్, విక్టర్ లెసర్, ఫ్రెడరిక్ హేస్-రాత్ కలిసి కట్టిన సిస్టమ్ పేరు హియర్‌సే-2. అంతకుముందు వచ్చిన హియర్‌సే-1 నోటితో చెప్పిన ఎత్తులు విని చెస్ ఆడేది. రెండోదాన్ని ఇంకా పెద్దగా ఆలోచించారు. ప్రోగ్రామ్‌ని స్పెషలిస్టులుగా విడగొట్టి ఒక్కోదాన్ని నాలెడ్జ్ సోర్స్ అన్నారు. శబ్దాన్ని ముక్కలు చేసేది ఒకటి, ముక్కల నుంచి సిలబుల్స్ ఊహించేది ఒకటి, సిలబుల్స్ నుంచి మాటలు, మాటల నుంచి పదబంధాలు. వచ్చే మాటేంటో ముందే ఊహించేది ఇంకొకటి. ఇవేవీ ఒకదాన్నొకటి పిలవవు. అందరికీ కలిపి ఒక బ్లాక్‌బోర్డ్ ఉంటుంది. దాని మీద ఎవరి ఊహ వాళ్లు రాస్తారు, మిగతావాళ్లు చూసి దాని మీద కట్టుకుంటూ పోతారు. ఈ బ్లాక్‌బోర్డ్ పోలికని అదే యూనివర్సిటీకి చెందిన అలెన్ న్యూవెల్ 1962లోనే వాడారు.

ఇక్కడ మూడు విషయాలు గమనించండి, ఈ రోజు మనకి పనికొచ్చేవి.

మొదటిది, ప్రతి నాలెడ్జ్ సోర్స్‌కి రెండు భాగాలు. తను ఎప్పుడు రంగంలోకి దిగాలి అన్నది ఒకటి, దిగాక ఏం చెయ్యాలి అన్నది రెండోది. ఇప్పటి సబ్‌ఏజెంట్‌లో ఉండే వివరణ, సూచనలు అచ్చం ఇవే. రెండోది, బోర్డు మీద రాసే ప్రతి ఊహ పక్కన దాన్ని ఎంత నమ్మొచ్చో ఒక మార్కు ఉండేది. "అయిపోయింది" అని తేల్చేసే రిపోర్టు కాదు, "ఇది ఇంతవరకు నమ్మొచ్చు" అనే రిపోర్టు. మూడోది, సరిచూడ్డానికి వేరే నాలెడ్జ్ సోర్స్, ఇక చాలు ఆపుదాం అని నిర్ణయించడానికి ఇంకొకటి. ఒక మాట వచ్చి ఉంటుందని ఊహించేది ఒకరు, ఆ మాట నిజంగా శబ్దంలో ఉందా అని కిందకి దిగి చూసేది వేరొకరు. నా టెస్టర్‌కి లేనిది సరిగ్గా ఇదే. అది కింద ఉన్న అసలు శబ్దం దాకా, అంటే నా పాత ఫైళ్ల దాకా, దిగనే లేదు.

ఇంత బాగా కట్టారు కదా, మరి గెలిచిందా? కథలో మలుపు ఇక్కడే ఉంది. 1976లో ఐదేళ్లు ముగిశాక లెక్క చూస్తే, ముందు నిలిచింది హియర్‌సే-2 కాదు. హార్పీ. అదీ రాజ్ రెడ్డి గారి గూట్లో పిట్టే. ఆయన విద్యార్థి బ్రూస్ లోవర్ పీహెచ్‌డీ కోసం చేసింది. హార్పీలో స్పెషలిస్టులు లేరు, బోర్డు లేదు. శబ్దం, మాటలు, వ్యాకరణం, తెలిసిందంతా ముందే ఒకే ఒక్క నెట్‌వర్క్‌గా అల్లేశారు, సుమారు 15,000 స్థితులతో. విన్నదానికి ఆ వలలో ఏ దారి బాగా కుదురుతుందో వెతకడం, అంతే. 1011 మాటలతో 95 శాతం సరిగ్గా అర్థం చేసుకుంది.

అంటే స్పెషలిస్టుల ఐడియా దండగా? తొందరపడకండి. బ్లాక్‌బోర్డ్ పద్ధతి ఆ తర్వాత ఎన్నో సిస్టమ్‌లకి దారి చూపింది. కానీ చరిత్ర చెప్పేది ఏంటంటే, విడగొట్టడం ఉచితం కాదు. స్పెషలిస్టుల మధ్య కబురు నడిచే ప్రతి చోటా కొంత సమాచారం కారిపోతుంది, కాలువ గట్టు గండిలో నీళ్లు పోయినట్టు. పని అంతా ఒకే తలలో పట్టేటప్పుడు, ఒకే తల మేలు. హియర్‌సే-2 వాళ్లు కూడా ఇది గ్రహించారు. చివరి రూపంలో శబ్దం నుంచి మాటల దాకా ఉన్న కింది మెట్లని స్వేచ్ఛగా వదల్లేదు, ఒక వరుసలో నడిపించారు. ఎవరు ఎప్పుడు దూకాలన్న స్వేచ్ఛ మాటల స్థాయి దాటాకే. వరుస తెలిసిన పనికి ఏజెంట్ అక్కర్లేదు, మామూలు స్క్రిప్టు చాలు.

మరి విడగొట్టాల్సి వస్తే ఎక్కడ కొయ్యాలి? దానికి సమాధానం కూడా అదే క్యాంపస్‌లో, అవే రోజుల్లో దొరికింది. 1972లో కార్నెగీ మెలన్‌లోనే ఉన్న డేవిడ్ పార్నాస్ ఒక పేపర్ రాశారు. ఆయన తీసుకున్న ఉదాహరణ కూడా సెర్చ్ లాంటిదే, వాక్యాల్లోని మాటలతో ఒక ఇండెక్స్ తయారుచెయ్యడం. అందరూ పనిని మెట్ల ప్రకారం కోస్తారు. ముందు చదవడం, తర్వాత మార్చడం, తర్వాత పేర్చడం, చివర్లో ముద్రించడం. అలా కొయ్యకండి అన్నారాయన. రేపు మారే అవకాశమున్న నిర్ణయం ఏదో చూసి, ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో ముక్కలో దాచండి, మిగతావాటికి అది తెలియాల్సిన అవసరం ఉండకూడదు అన్నారు.

నేను చేసిందేంటి? మెట్ల ప్రకారమే కోశా. శుభ్రం, సెర్చ్, పేజీ, టెస్ట్. "తెలుగు మాటని ఎలా దాచుకోవాలి" అన్న అసలు నిర్ణయం నాలుగింట్లోనూ చెల్లాచెదురైంది. నలుగురూ తలా ఒకటి అనుకున్నారు. దానికి బాధ్యుడు ఎవరూ లేరు.

ఈ వారం మళ్లీ కట్టా. ఈసారి సబ్‌ఏజెంట్లు రెండే. మొదటిది తెలుగు మాటల సంగతి మొత్తం చూసుకుంటుంది. ఆ కనిపించని గుర్తు ఉన్నా లేకపోయినా సెర్చ్‌లో ఒకే మాటగా లెక్కపెట్టడం దాని పని. అసలు ఫైళ్లని చదవగలదు, రాయలేదు. రాయాలంటే కాపీలోనే. రెండోది సరిచూసేది. దానికి మొదటిదాని రిపోర్టు చూపించను. పాత అసలు ఫైళ్లు, నేను ఫోన్‌లో టైప్ చేసిన 40 మాటలు, ఇవి మాత్రమే ఇస్తా. కోడ్ మార్చే అనుమతి దానికి లేదు. టెస్ట్ ఫెయిలైతే టెస్టునే మార్చేసి పాస్ చేసుకునే దారి అలా మూసేశా. రిపోర్టులో "పూర్తయింది" అని రాస్తే ఒప్పుకోను. ఏం చూసింది, ఏం చూడలేదు, రెండూ రాయాలి. పేజీ డిజైన్ చిన్న పని కాబట్టి మెయిన్ ఏజెంటే చేసుకుంది, దానికి వేరే మనిషెందుకు?

మొదటిసారి నడిపినప్పుడు 40లో 6 మాటలు ఫెయిలయ్యాయి. నిజం చెప్పనా, "అన్నీ పాస్" అన్న రోజుకన్నా ఆ రోజే నాకు ధైర్యంగా అనిపించింది.

మీలో చాలామంది కాలేజీ ప్రాజెక్టులకి, చిన్న చిన్న ఆప్‌లకి ఇవే టూల్స్ వాడుతున్నారు. పది సబ్‌ఏజెంట్లు పెట్టానని స్టేటస్ పెట్టుకునేవాళ్లని కూడా చూశా. పెట్టుకోండి, తప్పు లేదు. పెట్టే ముందు మాత్రం, ఇది నిజంగా వేరే తల కావాల్సిన పనేనా, ఏ నిర్ణయానికి ఎవరు బాధ్యులు, మడి దగ్గరకెళ్లి చూసేది ఎవరు అని అడగండి. చూసేవాడికి కబురు కాదు, మడే కనపడాలి.

కొత్త సెర్చ్ నిన్న రాత్రి పెట్టా. పెట్టగానే ముందు ఆ తమ్ముడికే లింక్ పంపించా. పొద్దున రిప్లై వచ్చింది: "అన్నా, ఒత్తులు సరిపోయాయి. 112వ ఎపిసోడ్‌లో ఒక పేరు ఇంకా తప్పుగా ఉంది." చూశా, నిజమే. అది మెషీన్ తప్పు కాదు, నేను దిద్దేటప్పుడు చేసిందే. సరిచేశాను తమ్ముడూ, థాంక్స్.

మిగతావాళ్లు కూడా వెతికి చూడండి. దొరకని మాట ఉంటే కింద రాయండి. వచ్చే వారం కలుద్దాం, ఉంటాను.