సీసం గుండు, సర్కారు తూటా

మన్యంలో మా తాతలకు నాటు తుపాకీ కొత్తది కాదు. గొట్టం మూతి నుంచి మందు కూరి, సీసం గుండు దింపి పేల్చేవారు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి గుండును ఇంటి పొయ్యి మీదే అచ్చు పోసుకోవచ్చు. పోలీసు తుపాకీకి మాత్రం ఫ్యాక్టరీ తూటాయే కావాలి.

పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనికి దక్కని కూలి మా వాళ్లను తిరగబడేలా చేశాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు చేజిక్కాయి.

పుస్తకాలు దీన్ని సాహసంగా చెబుతాయి. మేం అవసరంగానూ చదువుతాం. గుండును మనమే పోసుకోగలం, తూటాను మాత్రం శత్రువు దగ్గరే తెచ్చుకోవాలి. పేల్చిన కొద్దీ అది తరిగిపోతుంది. బడిలో ఈ పాఠం చెప్పేటప్పుడు గాం గంటం దొర, మల్లు దొర పేర్లతో పాటు ఈ లెక్కా చెబుదాం.